గుమ్మంలో జారిపోయిన పేరు

రుబినికి కంటైనర్ నంబరు ఒక్కసారి చెబితే చాలు. మూడు నెలల తర్వాత నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పేస్తుంది. నాలుగు అక్షరాలు, ఏడంకెలు, ఏ ఓడలో దిగింది, లోపల ఉన్నవి టైర్లా టైల్సా, ఏ లారీ ఎత్తుకెళ్ళింది, అన్నీ. పోర్ట్ క్లాంగ్‌లో ఆమె పనిచేసే గోదాములో కంప్యూటర్ మొరాయించిన రోజున అందరూ ఆమె బల్ల చుట్టూనే మూగుతారు. అలాంటి పిల్లని పట్టుకుని, మూడేళ్ళుగా ఎదురు బల్ల దగ్గర కూర్చుంటున్న పెద్దమనిషి పేరేమిటని అడిగితే నీళ్ళు నమిలేది. ఆయనకు షుగరుందని తెలుసు. కూతురు ఈపోలో నర్సింగు చదువుతోందని తెలుసు. శుక్రవారం మాంసం ముట్టడని కూడా తెలుసు. పేరు మాత్రం అడక్కండి. ఆయన పేరు పళనిసామి. నేను చెబుతున్నాను కాబట్టి మీకు తెలిసింది గానీ, ఆమెకు తెలియదు.

దేవుడు దయతలచి ఆమెను మలేషియాలో పుట్టించాడు. ఇక్కడ ఎవరి పేరూ తెలియకపోయినా బండి నడిచిపోతుంది. మగవాడైతే బాస్, కాస్త తల నెరిస్తే అంకుల్, ఆడమనిషైతే అక్క, లేదంటే ఆంటీ. లారీ డ్రైవరూ బాసే, టీ కలిపేవాడూ బాసే, జీతమిచ్చేవాడూ బాసే. ఇరవై తొమ్మిదేళ్ళ పాటు రుబిని ఆ నాలుగు మాటలతోనే నెట్టుకొచ్చింది. బాగన్ దాతుక్‌లో ఓ తెలుగువాళ్ళింటికి కోడలయ్యే రాత లేకపోతే ఇంకో అరవై ఏళ్ళు నెట్టుకొచ్చేదే.

పెళ్ళికొడుకు రేవులో క్రేన్లు బాగుచేసే మెకానిక్కు. ముప్పై ఒక్కేళ్ళవాడు, ఎత్తరి, నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. పేరు తాతబాబు. చూశారా, మీకూ నవ్వొచ్చింది. అతని చెల్లెలి పేరు మాత్రం మోహనప్రియ. నిశ్చితార్థం అయిన సాయంత్రం, కారులో క్లాంగ్‌కి తిరిగొస్తూ రుబిని ఆ మాటే అడిగేసింది.

"చెల్లికి మోహనప్రియ, నీకు తాతబాబు. మీ అమ్మకి నీమీద ఏం కోపం?"

"కోపమేటీ లేదు లా," అన్నాడు తాతబాబు, స్టీరింగు తిప్పుతూ, మలేషియా వాళ్ళ అలవాటు చొప్పున మాట చివర ఓ లా తగిలించి. "అమ్మ పేరు మరిసిపోనాది. అంతే."

అప్పుడు బయటపడింది ఆ ఇంటి గుమ్మం కథ.

కొత్తకోడలు అత్తారింట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పించడం మనకందరికీ ఉన్నదే. ఆ ఇంట్లో అది చాలదు. అడ్డం నిలబడ్డ ఐదుగురు ఆడవాళ్ళ పేర్లూ కోడలు వరసగా చెప్పాలి. తాతబాబు ముత్తాత తల్లి కొబ్బరితోటలో కూలిపని చేసేదట. పొద్దున్నే హాజరు వేసేటప్పుడు కూలీలని నంబర్లతో పిలిచేవారట. పగలంతా నంబరుగా బతికిన మనిషి ఇంటికొచ్చాకైనా పేరుతో బతకాలని ఆ ముసలమ్మ ఈ పద్ధతి పెట్టిందట. బాగానే ఉంది. కానీ ఊరుకోకుండా దానికో తోక కూడా తగిలించి పోయింది. కోడలు ఎవరి పేరు చెప్పలేకపోతుందో, ఆ కోడలి మొదటి బిడ్డకు పేరు పెట్టే హక్కు వాళ్ళదే. తల్లీ తండ్రీ నోరెత్తడానికి లేదు.

ముప్పై రెండేళ్ళ కిందట తాతబాబు తల్లి సీత నాలుగు పేర్లు టకటకా చెప్పేసి, ఐదో పేరు దగ్గర గుటకలు మింగింది. ఐదో మనిషి పెద్దత్త, అంటే తాతబాబు తండ్రికి స్వయానా అక్క. ఆవిడ వాళ్ళ తాతగారిని తలుచుకుని మేనల్లుడి నెత్తిన తాతబాబు అని పెట్టేసింది. ఆ తర్వాత ఆడపిల్ల పుడితే సీత ఊపిరి పీల్చుకుని తనకు నచ్చిన పేరు పెట్టుకుంది.

రుబిని నవ్వలేదు. ఆమెకు గుండెల్లో రాయి పడింది.

ఆమె తల్లి పుష్పవల్లి పోయి నాలుగేళ్ళయింది. తండ్రి తమిళుడు, ఇంట్లో మాటా తమిళమే. తల్లి మాత్రం వంటింట్లో, కూతురితో ఒక్కదానితోనే తెలుగు మాట్లాడేది. ఆవిడతోపాటు ఆ ఇంట్లో తెలుగూ పోయింది, పుష్పవల్లి అన్న పిలుపూ పోయింది. ఆడపిల్ల పుడితే అమ్మ పేరు పెట్టుకుని రోజుకు వందసార్లు నోరారా పిలుచుకోవాలని రుబిని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆవిడ చెవిలో మాటిచ్చింది. ఆవిడ కళ్ళు తెరవలేదు గానీ చెయ్యి నొక్కింది. ఆ మాటను ఎవరో ముసలావిడ గుమ్మంలో ఆటకి ఒడ్డమంటే ఎలా?

"సరే, ఐదుగురే కదా. మీ అమ్మ సీత. చెల్లి మోహనప్రియ. ఇంకా?"

"సిన్నత్త విజయలెచ్చుమి. పక్కింటి పిన్ని వాసుకి."

"పెద్దత్త పేరు?"

"పెద్దత్తే లా."

"పెద్దత్తకి పేరుండదా?"

తాతబాబు రెండు టోల్ గేట్లు దాటేదాకా ఆలోచించాడు. పుట్టి ముప్పై ఒక్కేళ్ళయింది, ఆ ఇంట్లో ఎవరూ ఆవిడని పేరు పెట్టి పిలవగా అతను వినలేదు. తండ్రి అక్కా అంటాడు, తల్లి వదినా అంటుంది, ఊరంతా పెద్దత్త అంటుంది. "నాకు తెల్దు," అన్నాడు చివరికి, తనకే ఆశ్చర్యమేసినట్టు.

ఇక్కడే రుబినికి ఇంకో సంగతి గుర్తొచ్చి నెత్తి బాదుకుంది. ఆ రోజు నిశ్చితార్థంలో పెద్దత్త తనే వచ్చి రుబిని గడ్డం పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, మేళాల హోరులో ఆమెకు మాత్రమే వినపడేలా తన పేరు చెప్పింది. "ఇన్నావా? మరవకు మరి," అని కూడా అంది. రుబిని బుద్ధిగా తలూపింది. కానీ ఆ నిమిషాన ఆమె ధ్యాసంతా చీర కుచ్చిళ్ళు జారుతున్నాయేమోనన్న భయం మీదే ఉంది. దాంతోపాటు, తన అరకొర తెలుగులో బదులేం చెప్పాలా అన్న బెంగ ఒకటి. పేరు చెవిలో పడింది, లోపలికి దిగలేదు. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి మీ పేరేంటని అడిగితే, ఓడిపోయానని ముందే ఒప్పేసుకున్నట్టు.

వేట మొదలైంది. ముందు కాబోయే అత్తగారికి ఫోన్ చేసింది. సీత నెమ్మదస్తురాలే, కానీ ముప్పై రెండేళ్ళ కిందటి దెబ్బ ఆవిడ మర్చిపోలేదు.

"ఓలమ్మా, నాను సెప్తే మా వదిన నన్ను బతకనిస్తాదా? నా తిప్పలు నాను పడినాను. నీ తిప్పలు నువ్వు పడు తల్లీ," అని ముసిముసిగా నవ్వి ఫోన్ పెట్టేసింది. తనకు జరిగింది కోడలికీ జరిగితే చూడాలని ఏ అత్తగారికి ఉండదు చెప్పండి.

తర్వాత తాతబాబుని పంపింది. పెద్దత్త సంచీలోంచి ఐసీ, అదే గుర్తింపు కార్డు, తీసి పేరు చూసి రమ్మంది. వాడు సరిగ్గా సంచీలో చెయ్యి పెట్టేసరికి ఆవిడ వెనకే నిలబడి ఉంది.

"ఏటిరా ఎతుకుతన్నావు?"

"మీ... మీ వయసు ఎంతో సూద్దామని..."

"నా వయసు నీకెందుకురా? నాకేటైనా సంబంధం సూస్తన్నావా?"

ఆ అరుపు తోట అవతలున్న మసీదు దాకా వినపడిందని మోహనప్రియ చెప్పింది. పెద్దత్త మామూలుగా మాట్లాడితేనే అరిచినట్టుంటుంది. అరిస్తే చెట్టు మీది కాకులు లేచిపోతాయి.

చివరికి ఒక శనివారం రుబినికి అదృష్టం కలిసొచ్చింది. పెద్దత్తను బీపీ మందులకని క్లినిక్కుకు తీసుకెళ్ళే పని ఆమె మీద పడింది. నర్సు పేరు పిలిచేటప్పుడు విందామని చెవులు రిక్కించుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే గోదాము నుంచి ఫోనొచ్చింది. ఫోన్ పెట్టేసి చూస్తే పెద్దత్త లోపలికి వెళ్ళిపోయింది. ఇక లాభం లేదనుకుంటుండగా కిటికీలోంచి మందుల పొట్లం చేతికొచ్చింది. దాని మీద అంటించిన చీటీ మీద అక్షరాలా ఉంది: శాంతాదేవి.

శాంతాదేవి! ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పక్కనే పెద్దత్త మందులిచ్చే గుమాస్తాను, "ఈ మాత్రలు మొన్నటికన్నా సిన్నవైపోనాయేటి?" అని కడిగేస్తోంది. రుబిని నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

పేరైతే దొరికింది, నిలబెట్టుకోవడమెలా? సోమవారం పొద్దున ఎదురు బల్ల అంకుల్‌కు గోడు చెప్పుకుంది. ఆయనకు పుస్తకాలూ ఫోనూ తిరగేసి మనిషి బుర్ర గురించి చదివే అలవాటుంది. ఆయన తమిళంలో తీరిగ్గా విడమరిచి చెప్పాడు. రోటీ చనాయ్ వేసేవాడు అనగానే నీకు పెనం, నూనె, గాల్లో తిరిగే పిండి కనిపిస్తాయి. అదే వీరాస్వామి అంటే ఏం కనిపిస్తుంది? ఏమీ కనపడదు, ఏ వీరాస్వామి అని తిరిగి నన్నే అడుగుతావు. పేరనేది ఖాళీ కంటైనర్ లాంటిదమ్మా. లోపల సరుకుంటే నువ్వు మర్చిపోవు కదా, ఖాళీదాన్నే మర్చిపోతావు. అందుకని సరుకు నువ్వే ఎక్కించు. ఆ మనిషిలో కొట్టొచ్చినట్టు కనపడేదేదో పట్టుకుని పేరుని దానికి కట్టెయ్యి. తర్వాత రోజూ పిలుస్తూ ఉండు. పిలవని పేరు తుప్పు పడుతుంది.

"చాలా థాంక్స్... అంకుల్," అంది రుబిని. పేరు కోసం ఆయన మెళ్ళోని ఆఫీసు కార్డు వైపు చూసింది గానీ అది తిరగబడి ఉంది.

ఆ మాట పట్టుకుని మూడు వారాలు తపస్సు చేసింది. చిన్నత్త విజయలెచ్చుమి బొడ్డులో ఎప్పుడూ తాళాలగుత్తి వేలాడుతుంది, పేరు ఆ గుత్తికి తగిలించింది. వాసుకి పిన్నిది ఎర్రఫ్రేము కళ్ళజోడు. మోహనప్రియ చేతిలో ఫోను. అత్తగారు సీత ఏ పని చేస్తున్నా కొంగు నడుముకి దోపుకునే ఉంటుంది. ఇక పెద్దత్తలో కొట్టొచ్చినట్టు కనిపించేది, అదే, వినిపించేది ఆవిడ గొంతు. శాంతాదేవి అన్న పేరుని రుబిని ఆ అరుపులోకి ఎక్కించి తలుపు బిగించింది. వీడియో కాల్‌లో వెనకాల ఆవిడ అరుపు వినపడగానే పేరు దానంతటదే నాలుక మీదికి వచ్చి వాలేది. గెలిచేశాననుకుంది పిచ్చిది.

ముహూర్తం పొద్దున గుళ్ళో, భోజనాలు హాల్లో. సాయంత్రం నాలుగింటికి కారు బాగన్ దాతుక్‌లో ఇంటి ముందాగింది. రుబిని కారు దిగి గుమ్మం వైపు చూసి కొయ్యబారిపోయింది.

ఐదుగురు ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఐదుగురూ ఒకే చిలకపచ్చ పట్టుచీర. ఒకే ముడి, ఒకే మూర మల్లెలు. మేకప్ పిల్ల ఐదుగురికీ ఒకే కనుబొమ్మలు దిద్ది, ఒకే తెలుపు పులిమింది. ఎర్ర కళ్ళజోడు లేదు. తాళాలగుత్తి లేదు. ఏ చేతిలోనూ ఫోను లేదు. కొంగులన్నీ భుజాల మీద పిన్నులతో కుదురుగా ఉన్నాయి. ఒక్కరూ నోరు విప్పడం లేదు. ఇదెవరి పనో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రుబిని కట్టుకున్న కట్లన్నీ పెద్దత్త ఒక్కొక్కటీ విప్పి పారేసింది.

"సెప్పు వదినా," అంది వరసలో ఎవరో, నవ్వు మింగుతూ.

వదినా అన్న గొంతు మోహనప్రియదే కావాలి. కానీ అది ఏ నోట్లోంచి వచ్చిందో తెలియలేదు. రుబిని కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. గోదాములో నంబరు చెరిగిపోయిన కంటైనర్లని సొట్టల్ని బట్టి పోల్చుకునే మనిషి ఆమె, ఊరుకుంటుందా? రెండో ఆవిడ చెయ్యి ఉండుండి బొడ్డు దగ్గరికి పోయి తడుముకుంటోంది.

"విజయలెచ్చుమి చిన్నత్త!"

వెనక జనం ఈలలేశారు. మూడో ఆవిడ ఈ గోలంతా ఏమిటా అని కళ్ళు చికిలించి చూస్తోంది. "వాసుకి పిన్ని!" నాలుగో ఆమె బొటనవేలు ఫోను లేకపోయినా గాల్లో పైకీ కిందికీ జరుగుతోంది. "మోహనప్రియ!" మొదటావిడ అప్పటికే చెమటలు పట్టి, పిన్ను ఊడబీకి కొంగు నడుముకి దోపుకునే ప్రయత్నంలో ఉంది. "సీత అత్తయ్య!"

తాతబాబు గాల్లోకి ఎగిరాడు. పెళ్ళికొడుకునన్న సంగతి కూడా మర్చిపోయాడు. ఇక మిగిలింది ఐదో ఆవిడ ఒక్కరే. ఆవిడెవరో తెలుసు. పేరు కూడా తెలుసు.

పెద్దత్త చేతులు కట్టుకుని నిలబడింది. అరవలేదు. కసరలేదు. పెదవి కదపలేదు. గుళ్ళో దేవతలాగ చల్లగా, ప్రశాంతంగా, చిన్నగా నవ్వుతూ రుబిని వైపు చూస్తోంది.

రుబిని నోరు తెరిచింది. పేరు లేదు.

మందుల పొట్లం కనపడుతోంది. పొట్లం మీద నీలం గీత ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అన్నం తిన్నాక. చీటీ ఓ పక్క అంటుకోలేదు. క్లినిక్కులో ఫ్యాను కిర్రుమంటోంది. అన్నీ ఉన్నాయి. పేరును ఎక్కించిన అరుపు ఒక్కటే లేదు. అరవండి పెద్దత్తా, ఒక్కసారి అరవండి, మీ కాళ్ళకు దండం పెడతాను అని లోపల్లోపల బతిమాలుకుంది. ఆవిడ ఇంకా తియ్యగా నవ్వింది. ఈ పేరు పోతే అమ్మ పేరు పోతుంది, అమ్మ పేరు పోతుంది, అమ్మ పేరు అని రుబిని బుర్రలో ఒకటే హోరు. ఆ హోరులోంచి నోటికి ఏ పేరు దొరికితే అది బయటికొచ్చేసింది.

"పుష్పవల్లి!"

ఈలలేసేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏటన్నావు?" అంది పెద్దత్త మెల్లగా.

"పుష్పవల్లి," అంది రుబిని మళ్ళీ. ఆమె వెనక సూట్‌కేసు పట్టుకుని నిలబడ్డ తండ్రి తల దించుకుని, జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు. పెద్దత్త ఆయన వైపొకసారి, కోడలి వైపొకసారి చూసింది. తర్వాత అరిచింది.

"తప్పు! నా పేరు శాంతాదేవి!"

ఆ అరుపు చెవిన పడీపడగానే, ఆవిడ చెప్పే లోపే, శాంతాదేవి అన్న పేరు రుబిని నాలుక మీదికి చక్కగా వచ్చి వాలింది. ఏం లాభం?

ఆ సాయంత్రం రుబిని పెరటి గదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఏటీ అవదు లా. బిడ్డ పేరు ఆఫీసులో రాయించేది మనమే గదా. మనకి నచ్చినది రాయించీద్దాం," అని తాతబాబు ఓదార్చాడు. రుబిని ముక్కు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది. ఆడాక ఓడితే ఓడినట్టే. దొంగదారిన పెట్టిన పేరుతో అమ్మను పిలవాలంటే ఆమెకు మనసొప్పలేదు.

ఆ తర్వాత పెద్దత్త ఊరుకుందా? నెల తప్పిందన్న కబురు అందినప్పటినుంచీ ఆదివారం ఆదివారం ఫోను.

"మగగుంటడైతే పైడిరాజు. ఆడగుంటైతే అప్పలనరసమ్మ. ఏటంటావు?"

"మీ ఇష్టం పెద్దత్తా," అనేది రుబిని, పళ్ళు నూరుకుంటూ.

"ఉత్తి అప్పలనరసమ్మ బాగోదేమో. ముందర సింహాద్రి పెడదునా?"

నెలలు నిండుతుంటే ఆ పేరు పొడవూ పెరుగుతూ వచ్చింది. తాతబాబు కాగితం మీద ఇంగ్లీషులో దాని స్పెల్లింగు రాసి చూసుకుని నిట్టూర్చేవాడు. తన బాధ తనకు తెలుసు కదా.

ఏడో నెలలో రుబిని మళ్ళీ పెద్దత్తను క్లినిక్కుకు తీసుకెళ్ళింది. నర్సు పేరు పిలవగానే ఆవిడ లేవలేదు. రెండోసారి పిలిచేదాకా వినపడనట్టు కూర్చుని, అప్పుడు లేచింది. వచ్చేటప్పుడు కారులో రుబిని అడిగింది.

"మొదటిసారే వినపడింది కదా పెద్దత్తా? ఎందుకు లేవలేదు?"

పెద్దత్త కిటికీలోంచి బయటికి చూసింది. "మా ఆయన ఉన్నన్నాల్లూ ఒసే అన్నాడు. తమ్ముడు అక్కా అంటాడు. పిల్లా పీచూ నాకు నేరు. మీరందరూ పెద్దత్తంటారు. మా అమ్మ ఎల్లిపోనాక నా పేరు పిలిసినోలు ఆ నర్సమ్మ ఒక్కతే. రెండుమాట్లు పిలవనీ అని కూకుంటాను. అందుకేనే ఆ కిలినిక్కుకి తప్పకుండా ఎల్తాను. బీపీ ఎవులుక్కావాలి?"

చెప్పి పెద్దగా నవ్వింది. రుబినికి నవ్వు రాలేదు. అమ్మ పేరు పిలిచేవాళ్ళు లేరని తను ఏడుస్తోంది. ఈవిడ బతికుండగానే ఈవిడ పేరు పోయింది. ఇంటికి చేరేదాకా ఆ పేరుని మనసులో పిలుస్తూనే ఉంది. ఈసారి అరుపుకీ కట్టలేదు, దేనికీ కట్టలేదు. అయినా అది కదల్లేదు.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున బాగన్ దాతుక్‌లో బారసాల. బియ్యంలో ఉంగరంతో పేరు రాయడానికి తాతబాబు మామూలు పళ్ళెం చాలదని పెద్ద తాంబాళం తెచ్చుకున్నాడు. సింహాద్రి అప్పలనరసమ్మకి ఆ మాత్రం చోటు కావాలి మరి. సీత, విజయలెచ్చుమి, వాసుకి, మోహనప్రియ, అందరూ ఉయ్యాల చుట్టూ చేరారు. మావగారూ, రుబిని తండ్రీ అరుగు మీద కుర్చీలు వేసుక్కూర్చున్నారు. రుబిని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, గుండె దిటవు చేసుకుని కూర్చుంది. ఏ పేరు పెట్టినా నా తల్లివే అని బిడ్డకు ముందు రోజే చెప్పుకుంది.

పెద్దత్త వంగి బిడ్డ చెవిలో మూడుసార్లు ఏదో చెప్పింది. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తర్వాత నడుం ఎత్తి, తాతబాబు వైపు చూసి మామూలు గొంతుతో అరిచింది.

"రాయరా! పుష్పవల్లి!"

తాతబాబు ఉంగరం బియ్యంలో అలాగే ఉండిపోయింది. రుబినికి తను విన్నది నిజమో కాదో తెలియలేదు.

"పెద్దత్తా... అప్పలనరసమ్మ?"

"అంత పొడుగు పేరు రాయను వస్తాదేటే, ఈడికి? సగం రాసేసరికి బియ్యం అయిపోద్ది." పెద్దత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ దినం గుమ్మంలో నాకు ఇచ్చినావు గదా ఆ పేరు. తప్పో ఒప్పో, పేరు పెట్టి పిలిసినావు. మీ నాయిన కల్లు సూసినాను, ఎవుల పేరో తెలిసిపోనాది. ఏడాది నా కాడ అట్టిపెట్టినాను. ఇప్పుడు మీ అమ్మ పేరు నీకు ఇచ్చీసినాను. తీసుకో."

రుబిని ఏడ్చేసింది. ఒళ్ళో బిడ్డ మీద కన్నీళ్ళు పడుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయి, పుష్పవల్లీ, పుష్పవల్లీ అని నోరారా పిలుచుకుంది. ఆమె తండ్రి ఈసారి జేబురుమాలు వెతుక్కోకుండా చొక్కాతోనే తుడుచుకున్నాడు. సీతకూ కళ్ళు చెమర్చాయి.

ఇంతమంది ఏడుస్తుంటే పెద్దత్తకు తోచలేదు. చేతులు నడుం మీద పెట్టుకుంది.

"సాల్లే, ఏడుపులు. ఇదిగో పిల్లా, ఇప్పుడు సెప్పు. నా పేరేటి? సెప్పనేకపోతే రెండో గుంట పేరు కూడా నాదే!"

రుబిని తలెత్తింది. పేరు ఆమె నోట్లోనే ఉంది, పెదవి విప్పితే చాలు. శాంతాదేవి. ఏడో నెలనుంచి రోజూ పిలుచుకుంటున్న పేరు. ఆమె పెద్దత్తను చూసింది. చుట్టూ మూగిన వాళ్ళని చూసింది. ముప్పై ఏళ్ళుగా వదినా, అక్కా, పెద్దత్తా అని తప్ప ఇంకో మాట ఎరగని నోళ్ళు అవన్నీ.

"అయ్యో," అంది రుబిని, నుదురు కొట్టుకుంటూ. "శ... సా... అబ్బా, నాలుక చివర ఉంది పెద్దత్తా! రావట్లేదు లా!"

సీత తట్టుకోలేకపోయింది. ఒకసారి దెబ్బతిన్న మనిషి కదా. "శాంతాదేవే! శాంతాదేవని సెప్పవే!"

"శాంతాదేవి, వదినా!" మోహనప్రియ అరిచింది. "శాంతాదేవి!" అంది విజయలెచ్చుమి. "శాంతాదేవమ్మా, శాంతాదేవి!" అంది వాసుకి. తాతబాబు ఉంగరం చేత్తో పట్టుకునే గంతులేస్తూ, "శాంతాదేవి లా! శాంతాదేవి!" అంటున్నాడు. వాళ్ళ గోల విని, పుట్టి బుద్ధెరిగాక అక్కా అని తప్ప పిలవని మావగారు కూడా అరుగు మీద లేచి నిలబడి, "శాంతాదేవీ!" అని గట్టిగా కేకేశాడు. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.

పెద్దత్త ఒక్కొక్క నోటినీ చూస్తూ, అందరూ అరిచి అరిచి ఆగేదాకా అలాగే నిలబడింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"సెల్లదు! అందించిన పేరు సెల్లదు! రెండో గుంట పేరూ నాదే!"

ఇల్లంతా అయ్యో అంది. ఓడిపోయిన కోడలు బుద్ధిగా తల వంచుకుంది. ఆ వంచిన తల కింద ఆమె ఎంతగా నవ్వుతోందో, ఒళ్ళో ఉన్న పుష్పవల్లికి తప్ప ఎవరికీ కనపడలేదు.